వచ్చిన ప్యాకెట్‌కు చెక్‌సమ్ ఆఫ్‌లోడ్

నెట్‌వర్క్ కార్డుకు చేరిన ప్యాకెట్‌లోని టీసీపీ, యూడీపీ వంటి ప్రోటోకాళ్ల చెక్‌సమ్‌ను ప్రాసెసర్‌కు బదులు కార్డే లెక్కగట్టి, ఫలితాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించే ఏర్పాటును స్వీకరణ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ అంటారు. లెక్క చేసేది కార్డు. దాన్ని నమ్మి తన పని తగ్గించుకునేది కెర్నల్‌లోని నెట్‌వర్క్ స్టాక్. ఈ రెండింటి మధ్య మాట మోసేది డ్రైవర్. కార్డు ఏం చూసిందో అంతవరకే చెప్పడం, చూడనిదాన్ని చూసినట్టు చెప్పకపోవడం డ్రైవర్ బాధ్యత. అక్కడ పొరపాటు జరిగితే పాడైన డేటా ఏ హెచ్చరికా లేకుండా అప్లికేషన్ చేతికి చేరుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా లినక్స్ కెర్నల్‌లోని పద్ధతిని వివరిస్తుంది. తక్కిన వ్యవస్థల ప్రస్తావన చివర్లో ఉంది.

లెక్క ఎలా సాగుతుంది

ఇంటర్నెట్ చెక్‌సమ్ లెక్క చాలా సులువు. డేటాను 16 బిట్ల పదాలుగా విడగొట్టి అన్నింటినీ కూడతారు. మొత్తం 16 బిట్లలో పట్టకుండా పొంగితే, ఆ పొంగిన అంకెను తెచ్చి మళ్లీ కింద కలుపుతారు. చివరికి బిట్లన్నీ తిరగేస్తే వచ్చేదే చెక్‌సమ్. ఉదాహరణకు 40000, 30000, 20000 అనే మూడు పదాలు ఉన్నాయనుకుందాం. వాటి మొత్తం 90000. అందులోంచి 65536 తీసి, పొంగిన 1 కలిపితే 24465. దాన్ని తిరగేస్తే 41070. పంపేవారు ఈ 41070ను హెడర్‌లో పెడతారు. అందుకున్నవారు నాలుగు పదాలనూ అదే తీరున కూడితే 65535 రావాలి, అంటే బిట్లన్నీ ఒకట్లే. వేరే ఏది వచ్చినా ప్యాకెట్ దారిలో పాడైనట్టే.

దీన్ని వన్స్ కాంప్లిమెంట్ కూడిక అంటారు. దీని గుణాలను 1988 సెప్టెంబరులో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1071 వివరంగా చెప్పింది. పదాలను ఏ వరుసలో కూడినా ఫలితం మారదు. ప్రతి పదంలో బైట్లు తారుమారుగా ఉన్నా జవాబులోని బైట్లు తారుమారవుతాయి తప్ప లెక్క చెడదు. డేటాను ముక్కలు చేసి విడివిడిగా కూడి, ఆ మొత్తాలను తర్వాత కలపవచ్చు. అక్కర్లేని ముక్క మొత్తాన్ని తీసివేయనూవచ్చు. ఈ చివరి గుణం మీదే ఆఫ్‌లోడ్‌లోని అతి మేలైన పద్ధతి నిలబడి ఉంది.

టీసీపీ, యూడీపీ చెక్‌సమ్‌లలో వాటి హెడర్, డేటాలతో పాటు పంపినవారి, అందుకునేవారి ఐపీ చిరునామాలు, ప్రోటోకాల్ సంఖ్య, పొడవు కూడా చేరతాయి. ఈ అదనపు భాగాన్ని స్యూడో హెడర్ అంటారు. ఐపీవీ4 హెడర్‌కు వేరే చెక్‌సమ్ ఉంది, ఐపీవీ6 హెడర్‌కు అసలు లేదు. 1980 నాటి ఆర్ఎఫ్‌సీ 768 ప్రకారం ఐపీవీ4 మీద యూడీపీ చెక్‌సమ్ ఐచ్ఛికం. ఆ గడిలో సున్నా ఉంటే పంపినవారు లెక్కగట్టలేదని అర్థం. ఐపీవీ6 మీద అది తప్పనిసరి. 2013లో కొన్ని టన్నెళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

బలహీనతా ఉంది. రెండు 16 బిట్ల పదాలు ఒకదాని చోట మరొకటి వచ్చి కూర్చుంటే ఈ లెక్కకు దొరకదు.

ఎందుకీ శ్రమ

ఈథర్‌నెట్ ఫ్రేమ్ చివర 32 బిట్ల సీఆర్‌సీ ఉండగా మళ్లీ ఈ బలహీనమైన కూడిక దేనికన్న ప్రశ్న సహజం. దీనికి గట్టి జవాబు 2000 సంవత్సరం సిగ్‌కామ్ సమావేశంలో జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ సమర్పించిన పరిశోధనలో ఉంది. నిజమైన నెట్‌వర్కుల నుంచి సేకరించిన ప్యాకెట్లను పరిశీలిస్తే, సీఆర్‌సీ దాటి వచ్చినా టీసీపీ చెక్‌సమ్ దగ్గర తప్పుగా తేలినవి చోటును బట్టి 1,100లో ఒకటి నుంచి 32,000లో ఒకటి వరకు ఉన్నాయి. సీఆర్‌సీ ఒక్కో తీగ మీద మాత్రమే కాపలా కాస్తుంది. రౌటర్ మెమరీలోనో, స్విచ్ బఫర్లోనో, లోపమున్న సాఫ్ట్‌వేర్‌లోనో డేటా పాడైతే, తర్వాతి తీగ మీద దానికి కొత్త సీఆర్‌సీ చక్కగా తగులుకుంటుంది. చివరిదాకా డేటాతో ప్రయాణించేది టీసీపీ చెక్‌సమే. 1980ల్లో కొన్ని కంప్యూటర్ కంపెనీలు నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్ఎఫ్ఎస్ వేగం కోసం యూడీపీ చెక్‌సమ్‌ను డీఫాల్ట్‌గా ఆపేసి అమ్మాయి. అలా వదులుకోదగిన రక్షణ కాదిది.

మరోవైపు దాని ఖర్చూ చిన్నది కాదు. సెకనుకు 10 గిగాబిట్ల లింకు నిండా 1500 బైట్ల ప్యాకెట్లు వస్తే, సెకనులో 8 లక్షలకు పైగా ప్యాకెట్లలోని ప్రతి బైటునూ ప్రాసెసర్ చదివి కూడాలి. కూడిక సులువే, బరువంతా ఆ డేటాను మెమరీ నుంచి క్యాష్‌లోకి లాగడంలో ఉంది. డేటాను అప్లికేషన్‌కు కాపీ చేసేటప్పుడే కూడేసే ఉపాయం సాఫ్ట్‌వేర్‌లో ఉంది గాని, అది అన్ని చోట్లా కుదరదు. పైగా 2009లో లినక్స్ 2.6.29తో వచ్చిన జీఆర్ఓ పద్ధతి ఒకే కనెక్షన్‌కు చెందిన ప్యాకెట్లను కలిపి ఒక పెద్ద ప్యాకెట్‌గా పైకి పంపుతుంది. చెక్‌సమ్ సరిపోయిందని తేలనిదే కలపడం కుదరదు. కార్డు ఆ మాట చెప్పకపోతే జీఆర్ఓ తానే ప్రతి బైటూ కూడాలి.

ఐపీవీ4 హెడర్ చెక్‌సమ్ విషయంలో మాత్రం లినక్స్ కార్డు మీద ఆధారపడదు. మామూలుగా 20 బైట్లే ఉండే ఆ హెడర్‌ను కెర్నల్ ఎలాగూ చదవాలి కాబట్టి, దాన్ని ఎప్పుడూ తానే సరిచూసుకుంటుంది.

డ్రైవర్ చెప్పగల మాటలు

లినక్స్‌లో ప్రతి ప్యాకెట్ వెంటా ఎస్‌కేబీ అనే నిర్మాణం ఉంటుంది. అందులో ఐపీ_సమ్డ్ అనే రెండు బిట్ల గడి డ్రైవర్ మాటను మోస్తుంది. దానికి నాలుగు విలువలు.

మొదటిది నన్. కార్డు సరిచూడలేదు, లేదా చూసినా డ్రైవర్ ఏమీ హామీ ఇవ్వడం లేదు, కెర్నలే కూడుకోవాలి అని దీని అర్థం. ఈ మాట ఎప్పుడూ తప్పు కాదు, నష్టపోయేది కొంత వేగమే. అందుకే మంచి డ్రైవర్ అక్కడి నుంచే మొదలుపెడుతుంది.

రెండోది అన్‌నెసెసరీ. కార్డు ప్యాకెట్‌ను విప్పి, అది టీసీపీయో యూడీపీయో గుర్తించి, స్యూడో హెడర్‌తో సహా కూడి, సరిపోయిందని తీర్పు ఇచ్చింది. కెర్నల్ ఇక చూడనక్కర్లేదు.

మూడోది కంప్లీట్. ఇందులో తీర్పు లేదు. ఈథర్‌నెట్ హెడర్ తర్వాత ఉన్న బైట్లన్నింటినీ కార్డు గుడ్డిగా కూడి, ఆ మొత్తాన్ని ఇస్తుంది. డ్రైవర్ దాన్ని ఎస్‌కేబీలోని సీసమ్ గడిలో పెడుతుంది. ఐపీ హెడర్‌ను తీసేసినప్పుడు కెర్నల్ దాని భాగాన్ని మొత్తంలోంచి తీసివేసి, స్యూడో హెడర్ కలిపి, సరిపోయిందో లేదో తానే తేల్చుకుంటుంది. చిట్టాలోని అంకెలన్నీ కూడి మొత్తం చేతిలో పెట్టే గుమాస్తాకూ, లెక్క సరిపోయిందని తల ఊపే గుమాస్తాకూ ఉన్నంత తేడా కంప్లీట్‌కూ అన్‌నెసెసరీకీ మధ్య ఉంది.

నాలుగోది పార్షియల్. ఇది ప్రధానంగా పంపే వైపు మాట. అందుకునే వైపు వర్చువల్ యంత్రాల దగ్గర ఎదురవుతుంది.

కంప్లీట్, పార్షియల్ రెండూ ఒకప్పుడు హెచ్‌డబ్ల్యూ అనే ఒకే పేరుతో ఉండేవి. అందుకునేటప్పుడు ఒక అర్థం, పంపేటప్పుడు ఇంకో అర్థం. ఈ గందరగోళం పోగొట్టడానికి 2006లో వాటిని రెండుగా విడగొట్టారు.

కార్డు మొత్తాన్ని ఇవ్వగలిగితే, కొన్ని ప్రోటోకాళ్లనే గుర్తుపట్టగలిగినా సరే, డ్రైవర్ కంప్లీట్‌నే వాడాలని కెర్నల్ హెడర్ ఫైలులోని వ్యాఖ్య గట్టిగా చెబుతుంది. ఈ ఆదేశం న్యాయమైనదే. తీర్పు ఇచ్చే కార్డుకు తయారైన నాటికి తెలిసిన ప్రోటోకాళ్లే తెలుసు. రేపు కొత్త టన్నెల్ వస్తే అది మూగదవుతుంది. మొత్తం ఇచ్చే కార్డుకు ప్రోటోకాల్‌తో పనే లేదు. ముక్కలైన ఐపీ ప్యాకెట్ల విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక్క ముక్కను చూసి టీసీపీ చెక్‌సమ్ మీద తీర్పు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ముక్కలన్నీ కంప్లీట్‌తో వస్తే మాత్రం కెర్నల్ ఆ మొత్తాలను కలుపుకుని, డేటాను ముట్టకుండానే తేల్చేస్తుంది. సన్ మైక్రోసిస్టమ్స్ వారి హ్యాపీ మీల్ ఈథర్‌నెట్ కార్డు ఇలా మొత్తాన్ని ఇచ్చే పాత కార్డుల్లో ఒకటి.

ఒక డ్రైవర్‌ను దగ్గరగా చూస్తే

ఇంటెల్ గిగాబిట్ కార్డులకు వాడే ఈ1000ఈ డ్రైవర్‌లో ఈ పని చేసే ఫంక్షన్ ఒక పేజీ కూడా ఉండదు, కానీ నేర్చుకునేవారికి అంతకంటే మంచి పాఠం దొరకదు. కార్డు ప్రతి ప్యాకెట్‌తో పాటు డిస్క్రిప్టర్‌లో కొన్ని స్థితి బిట్లు, కొన్ని తప్పు బిట్లు రాస్తుంది. డ్రైవర్ ముందుగా ప్యాకెట్ నన్‌గా ఉందని నిర్ధారించుకుంటుంది. వాడుకరి ఈ సౌకర్యాన్ని ఆపేసి ఉంటే అక్కడే వెనుదిరుగుతుంది. నా చెక్‌సమ్ మాట పట్టించుకోవద్దని కార్డే బిట్ పెట్టి ఉంటే అప్పుడూ అంతే. తప్పు బిట్ ఉంటే ఒక కౌంటర్‌ను పెంచి, ప్యాకెట్‌ను నన్‌గానే పైకి వదులుతుంది. టీసీపీ లేదా యూడీపీ చెక్‌సమ్‌ను కార్డు నిజంగా లెక్కగట్టిందని చెప్పే బిట్ లేకపోతే మళ్లీ నన్నే. ఇన్ని మెట్లు దాటిన ప్యాకెట్‌కు మాత్రమే అన్‌నెసెసరీ ముద్ర పడుతుంది.

ఇందులో కొత్తవాళ్లను తికమక పెట్టే మెట్టు తప్పు బిట్ దగ్గర ఉంది. చెక్‌సమ్ తప్పని కార్డే చెబుతుంటే డ్రైవర్ ఆ ప్యాకెట్‌ను పారేయకుండా పైకెందుకు పంపాలి? తప్పు కార్డుదే కావచ్చు, దానికి అర్థం కాని హెడర్ చూసి తడబడి ఉండవచ్చు. ఈ యంత్రం రౌటర్‌గా పనిచేస్తుంటే ఆ ప్యాకెట్‌లోని టీసీపీ చెక్‌సమ్ మీద తీర్పు చెప్పే హక్కు దానికి లేదు, అది గమ్యానిది. ఇంకో కారణం కూడా ఉంది. పాడైన ప్యాకెట్ కెర్నల్ దాకా వస్తేనే ప్రోటోకాల్ లెక్కల్లో ఇన్‌సీసమ్‌ఎర్రర్స్ అనే సంఖ్య పెరుగుతుంది, టీసీపీడంప్‌లో కనబడుతుంది. డ్రైవర్ లోలోపలే పారేస్తే నెట్‌వర్క్ నిర్వాహకుడికి మిగిలేది కారణం తెలియని నెమ్మదితనమే.

కంప్లీట్‌లో దాగిన గుంటలు

కంప్లీట్ ఉత్తమమైనదే గాని దాన్ని సరిగా అందించడం కష్టం. ఏ బైటు నుంచి ఏ బైటు దాకా కూడారన్న విషయంలో కార్డుకూ కెర్నల్‌కూ ఒక్క బైటు తేడా కూడా రాకూడదు. కార్డు 14 బైట్ల ఈథర్‌నెట్ హెడర్‌ను కలుపుకుని కూడితే డ్రైవర్ దాన్ని తీసివేయాలి. 4 బైట్ల వీలాన్ ట్యాగ్‌ను కార్డు ఊడబెరికిందా, ఊడబెరకక ముందు కూడిందా అన్నది చూసుకోవాలి. బేసి స్థానం నుంచి మొదలయ్యే ముక్కను కలపాలన్నా తీయాలన్నా బైట్లను తిప్పి చేయాలి.

అన్నింటికంటే మెలికైనది ప్యాడింగ్ వ్యవహారం. ఈథర్‌నెట్ ఫ్రేమ్ కనీసం 64 బైట్లు ఉండాలి. డేటా ఏమీ లేని టీసీపీ అంగీకార ప్యాకెట్ ఐపీవీ4లో 40 బైట్లే కాబట్టి దాని వెనుక 6 బైట్ల పూరకం చేరుతుంది. మామూలుగా అవి సున్నాలు, కలిపినా తీసినా మొత్తం మారదు. లినక్స్ చాలాకాలం ప్యాడింగ్ కత్తిరించేటప్పుడు కంప్లీట్ మాటను వదిలేసి నన్‌కు దిగేది. 2018లో ఆ పద్ధతి మార్చి, కత్తిరించిన బైట్ల మొత్తాన్ని తీసివేసి కంప్లీట్‌ను నిలుపుకోవడం మొదలుపెట్టారు. మెలనాక్స్ కార్డులు మాత్రం ప్యాడింగ్‌ను మొత్తంలో చేర్చేవి కావు. కొన్ని స్విచ్‌లు ఆ బైట్లలో సున్నాలు కాకుండా వేరేవి పెడతాయి. కార్డు కలపని బైట్లను కెర్నల్ తీసివేయడంతో లెక్క తప్పింది, లాగుల్లో హార్డ్‌వేర్ చెక్‌సమ్ విఫలమైందన్న హెచ్చరికలు వరుసకట్టాయి. చివరికి చిట్టి ఫ్రేములకు కంప్లీట్ వాడకుండా ఆ డ్రైవర్లను సవరించారు. ఏళ్ల తరబడి నిద్రపోయిన లోపం, వేరెవరో మంచి కోసం చేసిన మార్పుతో లేచి కూర్చుంది.

ఆ హెచ్చరిక ఎప్పుడు వస్తుందో తెలుసుకోవడం మేలు. కార్డు ఇచ్చిన మొత్తంతో లెక్క సరిపోకపోతే కెర్నల్ వెంటనే ప్యాకెట్‌ను తిరస్కరించదు, మొదటి నుంచీ తానే కూడి చూస్తుంది. తన లెక్కలో సరిపోతేనే హెచ్చరిక రాస్తుంది. అంటే అది ప్యాకెట్ మీద ఫిర్యాదు కాదు, కార్డు మీద లేదా డ్రైవర్ మీద ఫిర్యాదు. కంప్లీట్‌లో ఉన్న గొప్ప సుగుణం కూడా ఇదే, తప్పు చెబితే దొరికిపోతుంది. అన్‌నెసెసరీలో తప్పు చెబితే దొరికే మార్గం లేదు.

మార్వెల్ యూకాన్ 2 కార్డులకు వాడే స్కై2 డ్రైవర్ ముందుజాగ్రత్త ప్రశంసించదగ్గది. ఆ కార్డు ప్రతి ప్యాకెట్‌కు రెండు మొత్తాలు ఇవ్వగలదు. డ్రైవర్ రెండింటినీ ఒకే చోటు నుంచి మొదలయ్యేలా అమర్చి, ఫలితాలు ఒకటిగా ఉన్నాయో లేదో చూస్తుంది. తేడా వస్తే సమస్య ఉందని లాగులో రాసి, ఆఫ్‌లోడ్‌ను తానే ఆపేస్తుంది.

టన్నెళ్లు, వర్చువల్ యంత్రాలు, కంటైనర్లు

ఒక ప్యాకెట్ లోపల ఇంకో ప్యాకెట్ ప్రయాణించే టన్నెళ్లలో ఒకటికి మించి చెక్‌సమ్‌లు ఉంటాయి. అన్‌నెసెసరీ అన్నప్పుడు ఎన్నింటిని చూశారో చెప్పడానికి సీసమ్_లెవెల్ అనే గడి ఉంది. అందులో సున్నా అంటే బయటి ఒక్కటి, మూడు అంటే వరుసగా నాలుగు. వరుస తెగకూడదు. యూడీపీలో జీఆర్ఈ అనే టన్నెల్ ప్రోటోకాల్, దానిలో టీసీపీ ఉన్న ప్యాకెట్‌లో జీఆర్ఈ చెక్‌సమ్‌ను కార్డు చూడలేకపోతే, లోపలి టీసీపీని చూసినా లెక్కలోకి రాదు, సున్నా అనే చెప్పాలి.

2014లో చేరిన ఒక ఉపాయం ఈ లెక్కల అందాన్ని చూపిస్తుంది. బయటి యూడీపీ చెక్‌సమ్ సున్నా కాకుండా ఉండి, అది సరిపోయిందని కార్డు చెబితే, స్యూడో హెడర్‌ను బట్టి తక్కిన యూడీపీ భాగమంతటి మొత్తం ఎంతో కెర్నల్‌కు తెలిసిపోతుంది. దాంతో అన్‌నెసెసరీని కంప్లీట్‌గా మార్చుకుని, బయటి హెడర్లను తీసివేసి, కార్డుకు ఏమాత్రం తెలియని లోపలి ప్యాకెట్‌ను కూడా డేటా ముట్టకుండా సరిచూస్తుంది.

ఒకే యంత్రం మీద నడిచే రెండు వర్చువల్ యంత్రాల మధ్య ప్యాకెట్ తీగ మీదికి వెళ్లనే వెళ్లదు. అందుకని వర్టియో డ్రైవర్‌లో పంపేవారు స్యూడో హెడర్ మొత్తాన్ని మాత్రం గడిలో పెట్టి, లెక్క పూర్తికాలేదన్న గుర్తుతో పంపుతారు. అందుకున్న కెర్నల్ దాన్ని పార్షియల్‌గా తీసుకుని నమ్ముతుంది. ఈ ఒప్పందం తెలియని ప్రోగ్రాములకే చిక్కు. ముడి ప్యాకెట్లను నేరుగా చదివే పాత డీహెచ్‌సీపీ క్లయింట్లు ఆ సగం లెక్కను చూసి తప్పని తిరస్కరించేవి, వర్చువల్ యంత్రానికి ఐపీ చిరునామా దొరికేది కాదు. 2010లో ఐపీటేబుల్స్‌కు చెక్‌సమ్ పూరించే టార్గెట్‌ను చేర్చింది ముఖ్యంగా ఇందుకోసమే.

కంటైనర్లను కలిపే వీఈటీహెచ్ డ్రైవర్ కథ ఇంకా తీవ్రమైనది. రెండు కొసలూ ఒకే యంత్రంలో ఉంటాయి కనుక మళ్లీ కూడడం దండగన్న ఆలోచనతో, నన్‌గా వచ్చిన ప్యాకెట్లను ఆ డ్రైవర్ అన్‌నెసెసరీగా మార్చేది. ఆ ప్యాకెట్ బయటి తీగ మీద నుంచి వచ్చి కంటైనర్‌కు మళ్లించినదైతే? అసలు కార్డు తప్పు పట్టి నన్‌గా వదిలిన పాడైన ప్యాకెట్‌కు ఇక్కడ మంచిదన్న ముద్ర పడింది. 2015 చివర్లో ట్విటర్ సంస్థలో ఒక లోపమున్న స్విచ్ డేటాను పాడుచేస్తున్నప్పుడు, ఆ చెడిన డేటా కంటైనర్లలోని అప్లికేషన్లకు నేరుగా చేరుతుండడంతో ఈ లోపం బయటపడింది. సవరణ అంటే ఆ మార్పు చేసే వరుసలను తీసేయడమే. నన్ అన్న మాటకు సరిచూడనక్కర్లేదన్న అర్థం తీసుకున్న ఒక్క ఊహ, టీసీపీ ఇచ్చే రక్షణను ఏళ్లపాటు రద్దు చేసింది. ఈ విషయం మొత్తంలో గుర్తుంచుకోవలసిన ఉదంతం ఒక్కటే అయితే, అది ఇదే.

సరిగా చేసిన ఆఫ్‌లోడ్‌కూ హద్దుంది. కార్డు సరిచూసిన తర్వాత డేటా బస్సు మీదుగా మెమరీకి చేరేలోగా పాడైతే ఎవరూ చూడరు. సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984 నాటి వ్యాసంలో వాదించినట్టు, చివరి సరిచూపు చివరి కొసలోనే జరగాలి. డేటా విలువైనదైతే అప్లికేషన్ తన సొంత చెక్‌సమ్ పెట్టుకోవడం న్యాయం.

ఇతర వ్యవస్థల్లో

ఫ్రీబీఎస్‌డీలో సరిచూశాం అన్నదానికి ఒక బిట్, సరిపోయింది అన్నదానికి ఇంకో బిట్ వేర్వేరుగా ఉన్నాయి. విండోస్ ఎన్‌డీఐఎస్‌లో గెలిచింది, ఓడింది అని విడివిడి గుర్తులున్నాయి. ప్యాకెట్లను కెర్నల్ బయటే నడిపే డీపీడీకే లైబ్రరీలో తెలియదు, చెడ్డది, మంచిది, నన్ అని నాలుగు స్థితులు. అక్కడ నన్ అంటే ప్యాకెట్‌లోని చెక్‌సమ్ అంకె సరికాదు గాని డేటా భద్రమేనని అర్థం. లినక్స్‌లోని నన్‌కు ఇది దాదాపు తలకిందులు. రెండింటి మధ్య కోడ్ తరలించేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి.

పరీక్షించడం

లినక్స్‌లో ఈ సౌకర్యానికి 2011 నుంచి, అంటే 2.6.39 నుంచి, ఆర్ఎక్స్‌సీసమ్ అనే ప్రత్యేక ఫీచర్ గుర్తు ఉంది. ఈథ్‌టూల్ కమాండ్‌తో దాన్ని చూడవచ్చు, ఆపవచ్చు. అనుమానం వస్తే ఆఫ్‌లోడ్ ఉంచి కొంతసేపు, తీసి కొంతసేపు నడిపి, ఎన్‌స్టాట్‌లో కనిపించే చెక్‌సమ్ తప్పుల సంఖ్యను పోల్చాలి. ఆపినప్పుడే తప్పులు కనబడుతున్నాయంటే, అంతకుముందు అవి అప్లికేషన్ల లోపలికి వెళుతున్నాయని అర్థం.

కొత్త డ్రైవర్ రాసేవారికి ఇంకో పరీక్ష తప్పనిసరి. పంపే యంత్రంలో నెటెమ్ అనే కెర్నల్ సాధనం సాయంతో ప్యాకెట్లలో బిట్లను కావాలని చెడగొట్టాలి. నెటెమ్ ముందు చెక్‌సమ్ పూరించి తర్వాత చెడగొడుతుంది, సీఆర్‌సీని కార్డు ఆ తర్వాతే వేస్తుంది. కాబట్టి పాడైన ప్యాకెట్ మంచి సీఆర్‌సీతో మీ కార్డు దాకా వస్తుంది. దాన్ని వీలాన్ ట్యాగ్‌తో, ట్యాగ్ లేకుండా, 64 బైట్ల చిట్టి ఫ్రేములో, ఐపీవీ6 ఎక్స్‌టెన్షన్ హెడర్లతో, సున్నా చెక్‌సమ్ యూడీపీతో కలిపి పరీక్షించండి. కెర్నల్ మూలంలోనే ఇందుకు సెల్ఫ్‌టెస్టులు ఉన్నాయి. అవన్నీ నెగ్గేదాకా ఆఫ్‌లోడ్‌ను డీఫాల్ట్‌గా ఆన్ చేయకండి.